52 లక్షలు ఎవరి లెక్క?

విజయనగరం రింగ్ రోడ్డు వైపు కడుతున్న అపార్టుమెంటులో రెండు పడగ్గదుల ఫ్లాటు. చెప్పిన ధర 52 లక్షలు. కొనాలనుకుంటున్న అక్క గవర్నమెంటు టీచరు, 14 ఏళ్ళుగా అద్దె ఇళ్ళలోనే ఉంటోంది. తమ్ముడు సివిల్ ఇంజనీరు, బ్యాంకులకు ఇళ్ళ విలువ కట్టి ఇస్తుంటాడు. నేను తమ్ముడి పక్షమే. అయినా అక్క అడిగిన కొన్నింటికి నా దగ్గరా జవాబు లేదు.

అక్క: అడ్వాన్సు పట్టుకుని సోమవారం రమ్మన్నారు. అడుగు 4,000 అన్నారు. పక్క వీధిలో 4,200 చెప్పారు. మనకి తక్కువకే వస్తోంది కదరా?

తమ్ముడు: పక్కవాడు ఎక్కువ చెప్తే ఇది చవకైపోదు అక్కా. నిన్న టేపు పట్టుకెళ్ళాను. కాగితం మీద 1,300 అడుగులు. లోపల కొలిస్తే 940. మిగతాదంతా మెట్లు, లిఫ్టు, కారిడారు, బయటి గోడలు. రెండో గదిలో నేల మీద సుద్దతో డబుల్ కాట్ గీసి చూశాను. మంచం వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. 52 లక్షల్ని 940తో భాగించు, అడుగు 5,500 దాటుతోంది. ఈ లోపలి కొలతే, అంటే కార్పెట్ ఏరియాయే చెప్పి అమ్మాలని 2016లో ఇళ్ళ అమ్మకాల మీద వచ్చిన రెరా చట్టమే అంటోంది.

అక్క: పక్క వీధి ఫ్లాటుని కొలిచినా అంతే తగ్గుతుంది. అందరిదీ ఒకే కొలత అయినప్పుడు నాకొక్కదానికే ఏం నష్టం?

తమ్ముడు: సరే, అది వదిలెయ్. అసలు నీ డబ్బుకి ఏం వస్తోందో చూడు. ఆ స్థలం 690 గజాలు, ఫ్లాట్లు 15. నీ వాటా 46 గజాలు. ఆ వీధిలో గజం 30,000 చొప్పున 13 లక్షల 80 వేలు. కట్టడానికి అడుగుకి 2,000 వేసినా 26 లక్షలు. మొత్తం 40 లక్షలకి ఇరవై వేలు తక్కువ. బిల్డరుకి 15 శాతం లాభం ఇద్దాం, ఆయనా బతకాలి. 46 దగ్గర ఆగాలి. పైన 6 లక్షలు దేనికని అడిగాను. భోగాపురం ఎయిర్‌పోర్టు అన్నాడు. ఆ పేరు చెప్పి 2015 నుంచీ ఈ చుట్టుపక్కల రేట్లు పెంచుతూనే ఉన్నారు. 2019లో ఒక శంకుస్థాపన, 2023లో ఇంకో శంకుస్థాపన, రెండుసార్లూ భూమి రేటు మారింది. ఇరవై కిలోమీటర్ల అవతలి రన్‌వేకి నువ్వు ఇక్కడ డబ్బు కట్టడమేంటి? ఇంకోటి, ఈ అపార్టుమెంటుకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే కాగితం, ఇంకా రాలేదు. ఇప్పుడు కొంటే 5 శాతం జీఎస్టీ, 2 లక్షల 60 వేలు. అది వచ్చాక కొంటే ఆ పన్నే ఉండదు. రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి 7.5 శాతం ఎటూ తప్పదు. ఇక అద్దె చూడు. అలాంటి ఫ్లాటుకి ఇక్కడ 11,000 ఇస్తున్నారు. 40 లక్షల లోనుకి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళంటే కిస్తీ 34,700. మొదటి నెల అందులో వడ్డీయే 28,333. ఇంటి మీద నువ్వు నిజంగా తీర్చేది ఆరు వేల చిల్లర.

అక్క: అద్దె ఏటా పెరుగుతుంది. కిస్తీ అలా పెరగదు. ఇరవై ఏళ్ళయ్యాక ఇల్లు నాది. ఇన్నేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాను. ఓనరు కొడుక్కి పెళ్ళని ఒకచోట, గోడకి మేకు కొట్టానని ఒకచోట ఖాళీ చెయ్యమన్నారు. అది నీ లెక్కలో ఏ గడిలో రాశావు?

తమ్ముడు: రాయలేదు.

అక్క: 2014లో కంటోన్మెంటులో ఇల్లు 24 లక్షలకి వచ్చింది. ఆగమన్నావు. ఈరోజు ఆ వీధిలోకి తొంగి చూడగలమా?

తమ్ముడు: ఆ లెక్క తప్పింది అక్కా. తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అందుకే ఇప్పుడు తగ్గుతుందని చెప్పడం లేదు. ఈ ధర ఎక్కువ అంటున్నాను, అంతే. అదే అపార్టుమెంటులో ఇదివరకు రిజిస్టరైన దస్తావేజులు తీయించి చూద్దాం.

అక్క: దస్తావేజులో ఎంత రాస్తారో నాకు తెలీదా? గవర్నమెంటు విలువ రాసి మిగతాది చేతికిస్తారు. ఆ కాగితం చూస్తే ఊళ్ళో ఇళ్ళన్నీ చవకే.

(ఇక్కడ తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఆ దెబ్బ గట్టిదే.)

అక్క: అయినా ఇళ్ళ ధర నువ్వు నాకు చెప్తున్నావా? 2006లో బొబ్బిలిలో నాన్న పెంకుటిల్లు అమ్మినప్పుడు ఈ టేపు ఎక్కడుంది? నీ ఇంజనీరింగు ఫీజుకే కదా, వచ్చిన మొదటి బేరానికే ఇచ్చేశారు. పెరట్లో పనస చెట్టు కూడా లెక్కలోకి రాలేదు. నన్ను ఒక్క మాట అడిగారా?

తమ్ముడు: అడగలేదు. నాకు పద్దెనిమిదేళ్ళు, నేనూ అడగమనలేదు. అది నా తప్పే. కానీ ఆ ఇల్లు ఎందుకంత తక్కువకి పోయిందో గుర్తుందా? వారంలోగా ఫీజు కట్టాలి. మన తొందర కొన్నాయనకి తెలిసిపోయింది. ఇప్పుడు నిన్ను సోమవారం రమ్మంటున్నదీ అందుకే. నీకు ఇల్లు వద్దని నేను అనను. దస్తావేజులు వదిలేద్దాం. అక్కడ ఇప్పటికే కొన్నవాళ్ళిద్దరితో కూర్చుని నిజంగా ఎంత చేతులు మారిందో అడుగుదాం. బ్యాంకు ఎంత విలువ కడుతుందో ముందే తెలుసుకుందాం. ఎందుకంటే వాళ్ళు కట్టిన విలువలో 80 శాతమే లోను వస్తుంది, మిగతాది నీ పీఎఫ్ నుంచి తియ్యాలి.

అక్క: 46కి దిగుతాడంటావా?

తమ్ముడు: 47 వరకు వెళ్ళు. సర్టిఫికెట్ వచ్చాకే డబ్బు అని చెప్పు.

అక్క: ఈలోగా ఇంకెవరైనా కొనేస్తే?

తమ్ముడు: కొనేస్తే ఆ ఫ్లాటు పోతుంది. కాదని చెప్పలేను.

అక్క: సోమవారం నువ్వు కూడా రా. ఆ సుద్ద గీతలు బిల్డరుకి చూపించు.