హస్తవాసి అంటే సరిపోదు

అమెరికాలోని మన తెలుగు సంఘాల సావనీర్లలోంచి డాక్టర్ల నివాళి పేజీలు పది తీసి, పేర్లు చెరిపేసి కలిపేస్తే, ఏ పేజీ ఎవరిదో వాళ్ళ ఇంట్లోవాళ్ళే పోల్చుకోలేరు. "హస్తవాసి గల వైద్యుడు", "నిగర్వి", "పేదల పెన్నిధి", "తెలుగుజాతికి తీరని లోటు". పక్కన దండ వేసిన ఫోటో, మహాసభలకి ఇచ్చిన విరాళం. పోయినాయన గుండె డాక్టరా, కిడ్నీ డాక్టరా అన్నది పేరు చివరున్న అక్షరాలను బట్టి మనమే ఊహించుకోవాలి. విరాళాన్ని డాలర్లతో సహా అచ్చేసి, నలభై ఏళ్ళ పనిని "విశిష్ట సేవలు" అన్న రెండు మాటల్లో చుట్టేస్తున్నాం.

అరవైల్లో, డెబ్బైల్లో విశాఖ, గుంటూరు, హైదరాబాదు, కర్నూలు, కాకినాడ, వరంగల్, తిరుపతి మెడికల్ కాలేజీల నుంచి అమెరికాకి విమానమెక్కిన తరం ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంది. ప్రతి సంచికలోనూ ఒకరో ఇద్దరో. వాళ్ళలో చాలామంది గురించి తెలుగులో అచ్చయ్యే ఆఖరి కాగితం మన పత్రికదే. కాబట్టి అందులో ఏముండాలన్నది కాస్త పట్టుదలగానే అడగాలి.

కాకర్ల సుబ్బారావు గారినే తీసుకోండి. అందరికీ తెలిసిన పేరు, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకి తొలి అధ్యక్షుడు. 2021 ఏప్రిల్ 16న పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఎక్కువ భాగం ఒకే దారి పట్టాయి: అమెరికాలో స్థిరపడిన రేడియాలజిస్టు, ఎన్టీఆర్ పిలిస్తే అన్నీ వదిలి హైదరాబాదు వచ్చి, నిజామ్ వైద్య విజ్ఞాన సంస్థ అయిన నిమ్స్‌ని నిలబెట్టారు. నిజమే. కానీ కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టి, ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన ఆయన అమెరికా వెళ్ళింది రెండుసార్లు, తిరిగొచ్చిందీ రెండుసార్లు. యాభైల్లో అక్కడ రేడియాలజీ నేర్చుకుని వచ్చి, ఉస్మానియాలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పి, 1970లో మళ్ళీ వెళ్ళారు. ఆ మొదటి రాక చాలా నివాళుల్లో లేదు. ఉస్మానియాలో ఆయన దగ్గర ఎక్స్‌రే చూడటం నేర్చుకున్నవాళ్ళకి అసలు కథ అదే. పిలుపు అందుకుని వచ్చిన కథ సినిమాలా బాగుంటుంది కనుక అది మిగిలింది. అంత పేరున్న మనిషికే ఇలా జరిగితే, ఒహాయోలో ఏదో చిన్న ఊళ్ళో ముప్పై అయిదేళ్ళు పనిచేసిన మత్తు డాక్టరు సంగతి చెప్పేదేముంది?

తప్పులు ముందుగా దొర్లేది డిగ్రీల దగ్గర. మన దగ్గర ఎం.డి. అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత చేసే పీజీ. అమెరికాలో అది మొదటి డిగ్రీ. అందుకే ఇక్కడి ఎం.బి.బి.ఎస్. వాళ్ళు అక్కడ పేరు పక్కన ఎం.డి. అని పెట్టుకుంటారు, అది అక్కడి ఆనవాయితీ. తెలుగులో రాసేవాళ్ళు ఆ అక్షరాలు చూసి "గుంటూరులో ఎం.డి. చేసి అమెరికా వెళ్ళారు" అని రాసేస్తారు. ఆయన వెళ్ళింది హౌస్‌సర్జన్సీ అవగానే అయ్యుంటుంది. రెండోది బ్యాచ్. "మాది 62 బ్యాచ్" అంటే సాధారణంగా చేరిన ఏడు. విదేశీ రికార్డుల్లో ఉండేది పాసైన ఏడు. రెంటికీ అయిదారేళ్ళ తేడా. ఒకదాన్ని ఇంకోదానిగా రాస్తే రెసిడెన్సీ (అక్కడి ఆసుపత్రి శిక్షణ) లెక్క మొత్తం కుదరదు, "చదువు కాకముందే అమెరికా ఎలా వెళ్ళాడు?" అన్న ప్రశ్న మిగులుతుంది.

యూనివర్సిటీ కూడా చూసుకోవాలి. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది 1986లో. అరవైల్లో గుంటూరులో చదివినవారికి పట్టా ఇచ్చింది ఆంధ్ర విశ్వకళా పరిషత్తు. ఆసుపత్రుల పేర్లదీ ఇదే బాధ. 1970లో పంజగుట్టలో ఎముకలు సరిచేసిన సర్జను పనిచేసింది తర్వాత నిమ్స్‌గా మారిన నిజామ్ ఆర్థోపెడిక్ హాస్పిటల్లో, నిమ్స్‌లో కాదు. పుట్టినతేదీ సరేసరి. బళ్ళో వేయించిన తేదీ ఒకటి, అమ్మ చెప్పే తిథి ఒకటి. పాస్‌పోర్టులో ఉన్నదే అచ్చేయండి, రెండోది ఇంట్లోవాళ్ళు కావాలంటే చేర్చండి.

ఇక పేరు. ఇంటిపేరు ఇక్కడ ముందుంటుంది, అక్కడ చివరికి పోతుంది. కొందరికి వీసా కాగితాల్లో "రావు" ఒక్కటే ఇంటిపేరై కూర్చుంది. ఆయన రాసిన పరిశోధన వ్యాసాలు వెతుకుదామని, వైద్య వ్యాసాల ఇంటర్నెట్ సూచిక అయిన పబ్‌మెడ్‌లో కె.ఎస్. రావు అని కొడితే ఎంతమంది రావులు వస్తారో చెప్పక్కర్లేదు. 2002కి ముందు వ్యాసాలకి అందులో పొడి అక్షరాలే ఉంటాయి, పూర్తి పేరు ఉండదు. పనిచేసిన సంస్థ పేరు కలిపి వెతకొచ్చు, కానీ 2014కి ముందు మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కించేవారు. రెండో రచయితగా ఉన్న మన డాక్టరు ఆ వలలో పడడు. వ్యాసం తెరిచి చూడాల్సిందే. అమెరికాలో అంతకన్నా తేలికైన దారి రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైటు. చాలా రాష్ట్రాల్లో పేరు కొడితే కాలేజీ, పాసైన ఏడు, లైసెన్సు ఇచ్చిన తేదీ వచ్చేస్తాయి. అన్నిటికన్నా మంచిది ఆయన చివరి సి.వి. ఆసుపత్రి ప్రివిలేజులు (అక్కడ వైద్యం చేసే అనుమతులు) రెండు మూడేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి కనుక, దాదాపు ప్రతి డాక్టరుకీ తాజా సి.వి. ఒకటి ఎక్కడో ఉంటుంది. కుటుంబాన్ని అడిగితే దొరక్కపోవచ్చు. ఆఫీసు చూసుకున్న సెక్రటరీని అడగండి, ప్రాక్టీసు మూసేసి కంప్యూటర్లు అమ్మకముందే.

ఇవన్నీ సరిచూసుకున్నా చేతికొచ్చేది అస్థిపంజరమే. అసలు అడగాల్సింది వేరే ఉంది: ఆయన వృత్తిలో ఉండగా ఆ వైద్యమే మారిపోయింది కదా, ఆ మార్పుని ఆయన ఎలా దాటారు?

కార్డియాలజిస్టు అయితే, గుండె రక్తనాళాన్ని బెలూనుతో తెరవడం మొదటిసారి జరిగింది 1977లో, జ్యూరిక్‌లో. 1975లో ఫెలోషిప్ (ఆ విభాగంలో పై శిక్షణ) ముగించినవారికి ఆ విద్య శిక్షణలో లేనే లేదు. మరి కన్సల్టెంటు అయ్యాక ఎక్కడికెళ్ళి నేర్చుకున్నారు? నేర్చుకోకుండా మందులతోనే వైద్యం చేసే దారిలో ఉండిపోయారా? రెండూ గౌరవమైనవే, రెండూ రాయదగ్గవే. జనరల్ సర్జన్ల కథ ఇంకా బాగుంటుంది. అల్సర్‌కి కడుపు కోసి నరం కత్తిరించడం వాళ్ళ కుర్రతనంలో రోజువారీ పని. డెబ్బైల్లో కడుపులో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ మందు వచ్చి, ఆ వెనక ఎక్కువ అల్సర్లకి మూలం ఒక బాక్టీరియా అని తేలేసరికి ఆ ఆపరేషను దాదాపు మాయమైంది. ఎనభైల చివర పిత్తాశయాన్ని కెమెరాతో తీయడం మొదలైంది. చేత్తో తడిమి నేర్చుకున్నవాళ్ళు నలభై అయిదేళ్ళ వయసులో తెర చూస్తూ చెయ్యి ఆడించడం మళ్ళీ అ ఆల నుంచి దిద్దుకున్నారు. దిద్దుకోని వాళ్ళలో కొందరు ముందే రిటైరయ్యారు.

అమెరికాలో మనవాళ్ళు చాలామంది నెఫ్రాలజీ, అంటే కిడ్నీ వైద్యం, పట్టడానికీ కారణముంది. 1972లో చేసిన చట్టంతో, మరుసటేడు జూలై నుంచి కిడ్నీలు పూర్తిగా చెడినవారి డయాలసిస్ ఖర్చు, వయసుతో పనిలేకుండా, ముసలివాళ్ళ కోసం పెట్టిన ప్రభుత్వ బీమా మెడికేర్ భరించడం మొదలైంది. ఒక్కసారిగా ఊరూరా యూనిట్లు కావలసొచ్చాయి, నడిపే డాక్టర్లు కావలసొచ్చారు. పోయినాయన యూనిట్ ఏ ఊళ్ళో తెరిచారు, ఎన్ని మిషన్లతో, అంతకుముందు ఆ ఊరి రోగులు వారానికి మూడుసార్లు ఎన్ని మైళ్ళు వెళ్ళేవారు? ఈ మూడు ముక్కలు రాస్తే "పేదల పెన్నిధి" అనక్కర్లేదు. పసిపిల్లల డాక్టరయితే, నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తులు తెరుచుకునేలా చేసే సర్ఫాక్టెంట్ మందుకి అమెరికాలో అనుమతి వచ్చిన 1990కి ముందు, తర్వాత వార్డు ఎలా ఉండేదో ఆ డాక్టరుతో పనిచేసిన నర్సు చెబుతుంది. నర్సుల్ని అడగడం మనకి అలవాటు లేదు. తోటి డాక్టర్లకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు.

"లక్ష ఆపరేషన్లు చేశారు" అన్న వాక్యం వచ్చినప్పుడు ఒక్క నిమిషం గుణకారం చేయండి. ఏడాదికి 250 పనిదినాలు, నలభై ఏళ్ళు అంటే పదివేల రోజులు. లక్ష కావాలంటే రోజుకి పది. కంటిపొర సర్జనుకి, శిబిరాలు కలుపుకుంటే, అసాధ్యం కాదు. గుండె కోసి చేసే సర్జనుకి వారానికి అయిదు, ఏడాదికి 45 వారాలు, ముప్పై అయిదేళ్ళు వేసుకున్నా ఎనిమిదివేలు దాటదు. ఎనిమిదివేలు చాలా పెద్ద అంకె. దాన్ని లక్ష చేసి ఆయన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఎందుకు? "మొట్టమొదటి తెలుగువాడు" అన్నదీ అంతే. ఏ ఆసుపత్రిలో, ఏ ఏట అన్నది చెప్పలేకపోతే కొట్టేయండి.

ఆడడాక్టర్ల విషయంలో మనం చేస్తున్నది అన్యాయం. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే, ఆయన పోయినప్పుడు "ఆయన విజయం వెనక ఆమె" అంటాం. ఆమె పోయినప్పుడూ "అన్యోన్య దాంపత్యం" అంటాం. ఆమె ముప్పై ఏళ్ళు పాథాలజిస్టుగా ఊళ్ళో ప్రతి కాన్సరు గడ్డనీ మైక్రోస్కోపు కింద చూసి పేరు పెట్టిన మనిషి. రోగి ఆమె ముఖం చూడలేదు కాబట్టి ఆమెకి హస్తవాసి లేకుండా పోయింది. పట్టా పుట్టింటి పేరు మీద, లైసెన్సు అత్తింటి పేరు మీద ఉంటాయి. రెండూ రాయకపోతే రేపు ఎవరూ ఆ ఇద్దరూ ఒకరేనని పోల్చుకోలేరు.

రోగుల కథలు వేసేటప్పుడు జాగ్రత్త. అమెరికా చట్టం ప్రకారం రోగి చనిపోయాక కూడా 50 ఏళ్ళు ఆ వివరాలకి రక్షణ ఉంది. డాక్టరు పాత డైరీలోంచి ఫోటో తీసి వేసేముందు పేర్లున్నాయేమో చూడాలి.

బ్రిటన్‌లో ఇంగ్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ తన ఫెలోలు పోయాక జీవితచరిత్రలు అచ్చేస్తూ వస్తోంది. అందులో తొలి సంపుటాలు వచ్చింది 1930లో. బ్రిటిష్ మెడికల్ జర్నల్ నివాళులకయితే ఒక బిగుతైన వరస ఉంది: పేరు, హోదా, పుట్టిన ఏడు, కాలేజీ, పాసైన ఏడు, డిగ్రీలు, ఏ జబ్బుతో ఏ తేదీన పోయారు. ఆ జబ్బు పేరు దగ్గర మనవాళ్ళు జంకుతారు. "స్వల్ప అస్వస్థతతో" అంటాం, ఆయన రెండేళ్ళు కాన్సరుతో పోరాడినా సరే. డాక్టరుగా రోజూ ఆ మాట రోగులతో అన్న మనిషి విషయంలో దాచడం వింతే, అయినా ఇంట్లోవాళ్ళు వద్దంటే వదిలేయండి. తక్కిన వరస మాత్రం మన సావనీరులో మొదటి రెండు లైన్లుగా ఈ సంచిక నుంచే పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు.

అడిగే వరస మారిస్తే సగం పని తీరుతుంది. పెద్దకర్మ జరుగుతున్న ఇంటికి ఫోను చేసి తేదీలు అడిగేకన్నా, సభ్యులైన డాక్టర్లకి ఇప్పుడే ఒక పేజీ ఫారం పంపండి. "మా నివాళి మమ్మల్నే రాసుకోమంటున్నారా" అని కొందరు కోప్పడతారు. కోప్పడనివ్వండి. ఫారం పైన సంతాపం ఊసెత్తకుండా "వృత్తి వివరాలు" అని పెట్టి, అడుగున ఒక్క ప్రశ్న వదలండి: మీరు చదువుకున్నప్పుడు లేని ఏ వైద్యాన్ని, ఎవరి దగ్గర, ఏ ఏట నేర్చుకున్నారు?