కాలిన శవంలో డీఎన్‌ఏ మిగలదా?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మొహాలు చూసి పోల్చుకునే వీలు లేక డీఎన్‌ఏ పరీక్షకు పోవాల్సి వచ్చింది. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒకటే పాట: ‘కాలిన శవంలో డీఎన్‌ఏ ఉండదు, పరీక్ష ఉత్త నాటకం, ఉంగరమో గొలుసో చూసి తెచ్చుకోండి, కావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు రక్తమిస్తే చాలు.’

కాలితే డీఎన్‌ఏ పోతుందనేది సగం నిజం. తెల్లగా సున్నంలా పొడిబారిన ఎముకలో అది దొరకడం చాలా కష్టం. కానీ పైన చర్మం బొగ్గయినా తొడ లోతుల్లో ఎర్రటి కండ చాలాసార్లు మిగిలే ఉంటుంది. గుండెలో గడ్డకట్టిన రక్తం కూడా పనికొస్తుంది. అదీ లేదంటే తొడ ఎముక నడిమి ముక్క, లేదా పుచ్చని దవడ పళ్లు. పంటి లోపలి గుజ్జుకు ఎనామిలే కవచం. ప్రతి శవానికీ, విడిగా దొరికిన ప్రతి ముక్కకూ వేరే నంబరు, వేరే బ్లేడు, కొత్త గ్లవ్స్. ఇక్కడ ఒళ్లు వంచకపోతే ఏ ల్యాబూ కాపాడలేదు.

‘ఫార్మాలిన్‌లో వేస్తే భద్రం’ అని ఆ మెసేజ్‌కు ఎవరో తోక తగిలించారు. ఆ రసాయనం జబ్బు పరీక్షకు తీసే బయాప్సీ ముక్కలు కుళ్లకుండా ఉంచడానికి. డీఎన్‌ఏను ఫార్మాలిన్ తునకలు చేసి పాడుచేస్తుంది. కండను మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఉంగరం సంగతికొస్తే, అది ఆధారానికి తోడు మాత్రమే. ఇంటర్‌పోల్ కూడా వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏలనే ప్రధాన గుర్తులుగా లెక్కిస్తుంది. ఒక శవం తప్పుగా చేతులు మారితే రెండు ఇళ్లలో కర్మకాండ తప్పుతుంది. అప్పుడు ఎవరిని అడుగుతారు?

రక్తం ‘ఎవరో ఒకరు’ ఇస్తే కుదరదు. అమ్మానాన్నలు, కన్నబిడ్డలు మేలు. వాళ్లు లేకపోతే తోబుట్టువులు. భార్య రక్తం భర్తతో కలవదు, బిడ్డ నమూనాకు జతగా అయితే ఉపయోగం. కత్తిరించిన వెంట్రుకలు వద్దు, వాటికి కుదురు ఉండదు.

ఇక ‘రోజులు సాగదీస్తున్నారు’ అన్న మాట. ఎముకను శుభ్రం చేసి, పొడి చేసి, అందులోని కాల్షియం తీశాకే డీఎన్‌ఏ చేతికొస్తుంది. టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అది యుగంలా తోచడం సహజమే. మార్చురీలో అడగాల్సింది ‘ఇంకెప్పుడు?’ అని ఒక్కటే కాదు, శవం మీది నంబరూ నమూనా మీది నంబరూ ఒకటేనా అని కూడా.