థైరాయిడ్ గారికి, నిందలు మోసే నాడుల తరఫున

మహారాజశ్రీ థైరాయిడ్ గ్రంథి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఆనవాయితీ కాబట్టి రాశాను గానీ, మా వదిన మెడలో మీరు రెచ్చిపోయాక ఇంట్లో కుశలం అనే మాట ఎవరూ ఎత్తడం లేదు.

గట్టిగా తూస్తే పాతిక గ్రాములుండరు. మీరు హుషారైతే చాలు, గుండె దడ, చెమటలు, నిద్రలేమి. డాక్టరు గారు ఫ్యాన్ ఆపించి, చాచిన వేళ్ల మీద తెల్లకాగితం పెడితే దాని అంచులు టపటపలాడాయి. అప్పటిదాకా ఇదంతా మా ఇంట్లో ‘టెన్షన్’. అమ్మ దిష్టి తీసింది. అన్నయ్య యోగా చెయ్యమన్నాడు, తను మాత్రం సోఫాలోంచి లేవకుండా.

మీ గడుసుతనమంతా ఇక్కడే ఉంది. చూసేవాళ్లకు, కంగారులో ఒంటిని ఉరకలెత్తించే సింపథెటిక్ నాడులే పూనకమొచ్చి అడ్రినలిన్ కుమ్మరిస్తున్నాయనిపిస్తుంది. తీరా రక్తంలో కొలిస్తే అడ్రినలిన్, దాని తోబుట్టువు నారడ్రినలిన్ మామూలుగానో, ఇంకా తక్కువగానో ఉంటాయి! మీరేమో గుండె కణాల మీద వాటి కబురు అందుకునే బీటా రిసెప్టర్లను పెంచేస్తారు. మైకులో మనిషి మెల్లగానే మాట్లాడుతుంటాడు. వెనకాల సౌండ్ బాక్సు వాల్యూమ్ తిప్పేది మీరు. పైగా గుండెకు కళ్లెం వేసే వేగస్ నాడి పట్టు కూడా సడలిస్తారు.

పోనీ మీరు పడకేస్తే సుఖమా? లెక్క తిరగబడుతుంది. నాడులు నారడ్రినలిన్ ఎక్కువే పంపినా గుండెకు చెవికెక్కదు. గుండె వేగం నెమ్మదిస్తుంది, పేగులు సరిగా కదలవు, చర్మం చల్లబడుతుంది. అప్పుడు మావాళ్లు పెట్టే పేరు ‘బద్ధకం’. ఆడవాళ్ల జబ్బుకు ఇంట్లో ఉన్నవి ఆ రెండు పేర్లే లెండి.

మీ నేరానికి ఇంకొకరికి శిక్ష పడటం కొత్తేం కాదు. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు విపరీతమైన గుండెదడతో వచ్చిన ముగ్గురు స్త్రీల మెడల్లో మీరు ఉబ్బి ఉండటం రాసిపెట్టాడు. అయినా తప్పు నాడులదేనన్న వాదం చావలేదు. 1890ల చివర్లో జబులే, జొనెస్కు లాంటి సర్జన్లు ఏకంగా మెడలోని సింపథెటిక్ నాడులనే కత్తిరించారు. ఆ పద్ధతి మూలపడింది. అసలు ముద్దాయి మీద కత్తి పెట్టిన స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సర్జన్ కోచర్‌కు 1909లో నోబెల్ వచ్చింది.

ఇప్పటికీ పూర్తి న్యాయం లేదు. దడ తగ్గించడానికి మొదట ప్రొప్రనొలాల్ మాత్ర ఇచ్చి బీటా రిసెప్టర్ల నోరు మూయిస్తారు. మిమ్మల్ని అదుపులో పెట్టడానికి రాసే కార్బిమజోల్ మాట వినిపించుకోవడానికి మీరు వారాలు తీసుకుంటారు. అంతదాకా వాయిదాలే.

ఇట్లు,
మీ బాధితురాలి ఆడపడుచు

తా.క.: జుట్టు రాలుతోందని వదిన బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతోంది. వాటివల్ల మీ రిపోర్టులో అంకెలు తారుమారవుతాయట, రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు ఆపమన్నారు. దొంగసాక్షిని కూడా కుదుర్చుకున్నారన్నమాట!