డిక్కీలో ఇసుక మూటలు, టైర్లలో సగం గాలి

వానలు మొదలైనప్పటి నుంచి "వెనుక చక్రాల బండి జారకుండా ఆరు రహస్యాలు" అనే సందేశం విజయనగరంలోని ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. ఇంజన్ బలం వెనుక చక్రాలకే అందే ఫార్చ్యూనర్ 4x2, ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో ఉన్నవారు దీన్ని తప్పక పాటించాలట. మా బావగారు పంపారు, ఆయన స్నేహితులు పంపారు, ముందు చక్రాలతో నడిచే చిన్న కారున్న మిత్రుడు కూడా "జాగ్రత్త గురూ" అని పంపాడు. టైర్లలో నైట్రోజన్ పట్టించడం, రెండో గేరులో బయలుదేరడం, డిక్కీలో ఇసుక మూటలు వేయడం, గాలి 20 పీఎస్‌ఐకి (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) తగ్గించడం, చక్రం ఊరికే తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయడం, కొత్త టైర్లు ముందు వేయించడం అనేవి ఆ ఆరు రహస్యాలు.

నైట్రోజన్ సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది, మిగతాది మార్చినంత మాత్రాన రబ్బరుకూ తారుకూ మధ్య పట్టు పెరగదు.

రెండో గేరు సలహా మాత్రం సరైనదే. క్రిస్టా డీజిల్ ఇంజన్ 343 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, నిమిషానికి 1,400 చుట్ల దగ్గరే అందిస్తుంది. మొదటి గేరు దాన్ని మరింత పెంచి చక్రాలకు చేరవేస్తుంది కనుక, తడి బురదలో రెండో గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే చక్రం గిర్రున తిరిగే అవకాశం తగ్గుతుంది. ఫార్చ్యూనర్ ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్లు ఉన్నాయి కాబట్టి, అక్కడ ఆ పని యాక్సిలరేటర్ మీది కుడి కాలే చేయాలి.

ఇసుక మూటల ఆలోచన ఖాళీ పికప్ వ్యాన్ నడిపేవారి అనుభవం నుంచి పుట్టి ఉంటుంది, ఎందుకంటే లోడు లేని వ్యాన్ వెనుక చక్రాల మీద నిజంగానే బరువు చాలదు. కానీ డిక్కీ అనేది వెనుక ఇరుసుకు అవతల ఉంటుంది. అక్కడ పెట్టిన బరువు వెనుక భాగాన్ని కిందికి నొక్కుతూ ముందు చక్రాలను తేలిక చేస్తుంది, స్టీరింగ్ పట్టు ఆ మేరకు తగ్గుతుంది. పైగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు, తాళ్లతో కట్టని మూట వెనుక సీటులోని పిల్లల మీదికి వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది గాలి తగ్గించే సలహా. ఇందులో అబద్ధం కన్నా సగం నిజం ఎక్కువ. కళింగపట్నం, బారువ తీరాల్లో ఇసుకలో కూరుకుపోయిన బండికి గాలి తగ్గిస్తే టైరు పరుచుకుని బయటపడుతుంది. అది నిక్కమైన ఉపాయమే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ ఉపాయం నడక వేగానికి పనికొచ్చేది, తారు రోడ్డు ఎక్కే ముందు గాలి తిరిగి నింపుకోవాలి. మన సందేశకర్త దాన్ని 16వ నంబరు జాతీయ రహదారి మీదికి తెచ్చాడు. వాన నీటిని టైరు కింది నుంచి పక్కకు నెట్టడంలో గాలి ఒత్తిడి పాత్ర పెద్దది. టైరు నీటి మీద తేలిపోయే వేగం ఆ ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరించి మారుతుందని ఒక పాత లెక్క ఉంది. దాని ప్రకారం 33 పీఎస్‌ఐ ఉన్నప్పుడు గంటకు సుమారు 95 కిలోమీటర్ల దగ్గర తేలే అరిగిన టైరు, 20కి తగ్గించాక 74 దగ్గరే తేలుతుంది. అంటే జారకుండా ఉండేందుకు చేసిన పని వల్ల మరింత త్వరగా జారుతామన్నమాట. ఎండ కాసినా తిప్పలే, ఎందుకంటే గాలి తక్కువైన టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. అలా నడిపిన టైరును పంక్చర్ షాపులో రిమ్ము నుంచి ఊడదీసినప్పుడు లోపల చేత్తో తడిమి చూడండి; వేళ్లకు నల్లటి రబ్బరు పొడి అంటుకుంటుంది. సైడ్‌వాల్ లోలోపల అరిగి రాలిన పొడి అది. ఆ టైరు పైకి కొత్తదానిలా నిగనిగలాడుతూ ఉన్నా, ఎచ్చెర్ల దాటాక ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద కంపెనీవారు ముద్రించి అతికించారు, కానీ పాపం, అది ఫార్వర్డ్ చేయడానికి కుదరదు.

ట్రాక్షన్ కంట్రోల్ ఆపితే "ఇంజన్ శక్తి పూర్తిగా వస్తుంది" అన్నది ఐదో రహస్యం. శక్తి వస్తుంది, నిజమే, జారుతున్న చక్రానికి వస్తుంది. రోడ్డు మీద ఆరబోసిన తడి వరిగడ్డి మీద ఎడమ చక్రం, తారు మీద కుడి చక్రం ఉన్నాయనుకోండి. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే మామూలు డిఫరెన్షియల్ రెండిటికీ సమానమైన టార్కే ఇస్తుంది కనుక, ఎడమది ఊరికే తిరుగుతున్నంతసేపూ కుడిదానికీ అంతకన్నా ఎక్కువ అందదు. ట్రాక్షన్ కంట్రోల్ ఆ తిరిగే చక్రానికి బ్రేకు వేసి టార్క్‌ను అవతలి చక్రానికి మళ్లిస్తుంది. లోతైన బురదలో ఇంజన్ మరీ నీరసించిపోతే దాన్ని, అంటే ట్రాక్షన్ కంట్రోల్‌ను, కొద్దిసేపు ఆపవచ్చు, అంతే.

ఇక కొత్త టైర్లు రెండే కొన్నప్పుడు ముందు వేయించాలన్న మాట. స్టీరింగ్ అక్కడే ఉంది కదా అన్నది వారి తర్కం. అయితే తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి నేరుగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు దారికి వస్తుంది. ఇంజన్ బలమంతా మోసే వెనుక టైర్లు అరిగి ఉండి జారితే మాత్రం, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మలుపులో బండి తోకే ముందుకు వచ్చేస్తుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ (టైరు గాడి లోతు) వరకు ఒప్పుకుంటుంది గానీ, ఘాట్ వాన అంతవరకు ఆగదు. కొత్త జత వెనక్కే వెళ్లాలి.