మాకు ఓటు లేదండీ, టీ తాగండి

2025 బతుకమ్మ నాడు ఇక్కడ ఐర్లండ్‌లో, మన తెలుగు సంఘం హాల్లో, మన ఏరియా కౌన్సిలర్ గారు అన్న మాట ఎంతమందికి గుర్తుందో తెలీదు. అప్పుడు మనమంతా చప్పట్లు కొడుతున్నాం కదా.

ఎప్పటిలాగే కార్యక్రమం గంటన్నర ఆలస్యం. ఆవిడ ముందు వరుసలో ఓపిగ్గా కూర్చున్నారు. సూపర్‌మార్కెట్ చామంతులతో పేర్చిన బతుకమ్మల్ని ఫొటోలు తీసుకున్నారు. శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, మైకు అందించాక నవ్వుతూ అన్నారు: "నిరుడు మేలో ఓట్లడుగుతూ మీ హౌసింగ్ ఎస్టేట్లన్నీ తిరిగాను. ఇంత మంచి టీ నాకింకెక్కడా దొరకలేదు. ప్రతి ఇంట్లోనూ లోపలికి పిలిచారు. ప్రతి ఇంట్లోనూ ఒకే మాట చెప్పారు, మేం ఇండియన్స్, మాకు ఓటు లేదు అని. కానీ మీకు ఓటుంది."

హాలంతా చప్పట్లు. టీని మెచ్చుకున్నారనుకున్నాం.

నేను రెండు చప్పట్లు కొట్టి ఆపేశాను. ఎందుకంటే ఆ టీ ఇచ్చినవాళ్లలో నేనొకణ్ణి.

2024 మే నెల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మే 13న ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకీ, తెలంగాణలో లోక్‌సభకీ పోలింగు. మన వాట్సాప్ గ్రూపులో ఇద్దరు అడ్మిన్లు మాట్లాడుకోవడం మానేశారు. ఒకాయన ఓటు కోసం టికెట్ కొనుక్కుని గుంటూరు వెళ్లొచ్చారు. పాస్‌పోర్టు మారి ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లు, అంటే అక్కడ ఓటే లేనివాళ్లు, అందరికంటే గట్టిగా పోట్లాడారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తలుపు తడితే తీశాను. చేతిలో కరపత్రాలతో ఆవిడ. బయట చినుకులు. నా చెవి దగ్గర ఫోను. అవతల మా బావ, మా నియోజకవర్గంలో మెజారిటీ ఎంతొస్తుందో లెక్క చెబుతున్నాడు.

"సారీ, మేం ఇండియన్స్, మాకు ఓటు లేదండీ, టీ తాగండి" అన్నాను. ఆవిడ, "లేదు, మీకుంది" అన్నారు. మర్యాదకంటున్నారనుకున్నా. టీతోపాటు జంతికలు కూడా పెట్టి పంపించాను. అప్పటికి ఈ దేశం వచ్చి పదకొండేళ్లు. నాకు తెలియనిదా అని ధీమా.

జూన్ 4న తెల్లవారుజామున మూడున్నరకి, అంటే మనకక్కడ ఎనిమిదింటికి, లెక్కింపు మొదలైంది. అలారం పెట్టుకుని లేచాను. ఆంధ్ర అసెంబ్లీలో కూటమికి 164, వైసీపీకి 11 అని అంకెలు తేలేదాకా టీవీ ముందు నుంచి కదల్లేదు, ఆఫీసు కాల్స్ కూడా అక్కడి నుంచే. మూడు రోజులు గడిచాయి. జూన్ 7, శుక్రవారం. మా వాడి స్కూలుకి సెలవు. పోలింగ్ స్టేషన్ అక్కడే మరి. వాణ్ణి చూసుకోవడానికి నేను లీవు పెట్టాల్సొచ్చింది, చిరాకుపడ్డాను. వాడి స్కూటర్ వెనకాల నడుస్తూ ఆ గేటు ముందు నుంచి రెండుసార్లు వెళ్లాను. లోపలికి వెళ్లేవాళ్లని చూశాను కూడా.

ఆ సాయంత్రం ఫోన్లో అమ్మ అడిగింది, "బడికి సెలవేంట్రా?"

"ఇక్కడ లోకల్ ఎలక్షన్లమ్మా. పంచాయతీ లాంటివి."

"మరి నువ్వేశావా?"

"మాకు లేదమ్మా."

"అక్కడే ఉంటూ, అక్కడే పన్ను కడుతూ, లేకపోవడమేంట్రా?"

అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. ఐర్లండ్ ఎన్నికల చట్టం నాకంటే ఆవిడకే బాగా తెలుసని తేలింది.

చట్టం ఇదీ. డాయిల్ (ఇక్కడి లోక్‌సభ లాంటిది) ఎన్నికల్లో ఐరిష్, బ్రిటిష్ పౌరులు ఓటేస్తారు. యూరోపియన్ పార్లమెంటుకి ఈయూ పౌరులు. 2025 అక్టోబరులో దీపస్తంభాలకి అభ్యర్థుల బొమ్మలు వేలాడిన రాష్ట్రపతి ఎన్నిక ఐరిష్ పౌరులకి మాత్రమే. కానీ కౌన్సిల్ ఎన్నికల్లో, పద్దెనిమిదేళ్లు నిండి ఇక్కడ నివాసముండే ఎవరికైనా ఓటుంటుంది. ఏ పాస్‌పోర్టైనా, ఏ వీసా స్టాంపైనా సరే. 2024లో నమోదుకి ఆఖరు తేదీ మే 20. అంటే మన పోలింగైన వారానికి. ఆ వారం మనం ఏం చేస్తున్నామో గ్రూపు చాట్ వెనక్కి జరిపి చూసుకోండి.

ఆ ఎన్నికల్లో దేశమంతటా 31 కౌన్సిళ్లకి 949 మందిని ఎన్నుకున్నారు. పార్టీల్లో ఫియన్న ఫాయిల్‌కి 248, ఫిన గేల్‌కి 245. ఊపుమీద వస్తుందనుకున్న షిన్ ఫెయిన్ 102 దగ్గర ఆగిపోయింది, వాళ్లకంటే స్వతంత్రులే ఎక్కువమంది గెలిచారు. ఓటర్లలో దాదాపు సగం మందే వచ్చారు. డబ్లిన్‌లో వలసలు వద్దంటూ నిలబడ్డవాళ్లు కూడా కొన్ని సీట్లు గెలిచారు. మనల్ని వద్దనేవాళ్లు లైన్లో నిలబడి ఓటేశారు, వాళ్ల హక్కు అది. మనం మాత్రం ఇంట్లో కూర్చున్నాం.

ఇక్కడి లెక్కింపు చూస్తే మా ఊరి పెళ్లి బంతి గుర్తొస్తుంది. బ్యాలెట్ మీద ఫొటోల పక్కన 1, 2, 3 అని ఇష్టమైన వరసలో అంకెలేస్తాం. ఆరు సీట్లున్న చోట 14,000 ఓట్లు పోలైతే, సీట్ల కంటే ఒకటి ఎక్కువ, అంటే ఏడుతో భాగించి ఒకటి కలిపితే గెలవడానికి కావాల్సిన కోటా 2,001. అది దాటిన అభ్యర్థి దగ్గర మిగిలిన ఓట్లు, అందరికంటే వెనకబడ్డ అభ్యర్థి ఓట్లు, రెండో ఇష్టం ప్రకారం పక్కవాళ్లకి వెళ్తాయి. ఒక విస్తట్లో ఎక్కువైంది పక్క విస్తట్లోకి వడ్డించినట్టు. అలా రౌండ్ల మీద రౌండ్లు, కొన్నిచోట్ల రోజుల తరబడి. ఆఖరి సీటు దగ్గరికొచ్చేసరికి పదుల ఓట్లతో తేలిపోవడం ఇక్కడ మామూలే. మన ఎస్టేట్లో తెలుగువాళ్ల ఇళ్లు ఎన్నో లెక్కేసుకోండి. వినాయక చవితి చందాకి లెక్కేసినట్టే.

మా నాన్న పంచాయతీ వార్డు మెంబరు. మా ఊరి ఎన్నికలు పవిత్రంగా జరిగేవని నేను చెప్పను. పార్టీ గుర్తులుండవు కానీ ఎవరు ఎవరి మనిషో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. పోలింగు ముందు రాత్రి ఏం పంచుతారో మీకూ తెలుసు, ఓటుకి ఇంత అని బహిరంగంగానే మాట్లాడుకునేవాళ్లు. వేలంపాటలో పాడినట్టు ఏకగ్రీవాలు చేసిన ఊళ్లూ ఉన్నాయి. అదంతా చూసే నేను ఎన్నికలంటే విసుగు తెచ్చుకున్నాను. అయినా ఒకటి మర్చిపోలేను. మా వీధిలో పంపు చెడిపోతే జనం పొద్దున్నే బిందెలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాళ్లు. నాన్న పళ్లు కూడా తోముకోకుండా సర్పంచి ఇంటికి పరిగెత్తేవాడు. "నీకు ఓటేశాం గదయ్యా" అని ఒక్క ముసలమ్మ అన్న మాటకి అంత బలముండేది. ఆ మాట అనగలిగే చోటుని వదిలేసి వచ్చి, ఇక్కడ అలాంటి చోటే లేదనుకున్నాను.

ఇక్కడ కౌన్సిల్ చేతిలో ఉన్నది తక్కువేం కాదు. పార్కులు, లైబ్రరీలు, వీధి దీపాలు, ఇళ్ల ప్లానింగు, కమ్యూనిటీ గ్రాంట్లు, ఇంటి పన్నులో హెచ్చుతగ్గులు. మనం ఉగాదికి హాలు కోసం పడే టెన్షన్ ఎవరిని అడిగితే కాస్త తగ్గుతుందో వేరే చెప్పాలా?

గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు, కౌన్సిల్ చేతిలో లేరు, నిజమే. కానీ 2025 వేసవిలో, జులై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగాక మనం ఎక్కడికి పరిగెత్తాం? ఆగస్టు 1న భారత ఎంబసీ జాగ్రత్తలు చెప్పింది. డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో ఇండియా డే వేడుక వాయిదా పడింది. రాత్రి షిఫ్టు చేసొచ్చే మన ఆడపిల్లలు బస్టాప్ నుంచి ఇంటి దాకా ఫోన్లో ఎవరో ఒకరితో మాట్లాడుతూ నడుస్తున్నారు. అప్పుడు వినతిపత్రం రాసుకుని వెళ్లింది ఈ కౌన్సిలర్ దగ్గరికే. ఆవిడ మర్యాదగానే తీసుకున్నారు, కొంత పని చేశారు కూడా. కానీ ఆ గదిలో కూర్చున్న తొమ్మిది మందిలో ఆవిడకి గానీ, ఆవిడ మీద ఓడినవాళ్లకి గానీ ఓటేసినవాళ్లం ఒక్కళ్లం కూడా లేం.

మలయాళీల్ని చూసి ఈర్ష్యపడతాం కదా. 2024 జూన్‌లో సౌత్ డబ్లిన్ కౌంటీ మేయర్ అయిన బేబీ పెరెప్పాడన్ కేరళ మనిషే. వాళ్లు ముందొచ్చారు, నర్సులుగా ఊరూరా స్థిరపడ్డారు, మనం నిన్నగాక మొన్న ఐటీ కాంట్రాక్టుల మీద దిగాం. ఇది సాకు కాదు, నిజమే. రెండేళ్లలో వెళ్లిపోతాం అనుకునేవాణ్ణి నమోదు చేసుకోమంటే వాడికెందుకు అనిపిస్తుంది. ఈ మధ్య వాతావరణంలో మన పేరు మరో జాబితాలో ఎందుకులే అని భయపడేవాళ్లూ ఉన్నారు, వాళ్లని నేను తప్పు పట్టను. అయితే "రెండేళ్లలో వెళ్లిపోతాం" అని నేనూ పదకొండేళ్లు అన్నాను. మన సంఘం కార్యవర్గానికి మాత్రం రెండు ప్యానెళ్లు, కరపత్రాలు, అర్ధరాత్రి దాకా ఫోన్లు.

తర్వాతి కౌన్సిల్ ఎన్నికలు 2029లో. చాలా టైముంది కదా అనుకుంటాం, అలా అనుకునే మే 20 దాటించాం. నమోదుకి కావాల్సింది పీపీఎస్ నంబరు (మన ఆధార్ లాంటిది), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (ఇక్కడి పిన్‌కోడ్). పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కూడా ముందే పేరు రాయించుకోవచ్చు.

అధ్యక్షులు గారినీ కార్యవర్గాన్నీ ఒక్కటే అడుగుతున్నాను. సంక్రాంతి ముగ్గుల పోటీ రోజున పులిహోర కౌంటర్ పక్కన ఒక టేబులు, రెండు కుర్చీలు, వైఫై పాస్‌వర్డు ఇప్పించండి. నేను ల్యాప్‌టాప్ తెచ్చుకుని కూర్చుంటాను. భోజనాల లైన్లో నిలబడే టైములో ఒక కుటుంబం పనైపోతుంది. మా ఆవిడ అక్కడుంటానంది, అందుకని టీ కూడా ఉంటుంది.