ఒక్క గెలుపుతో దివాలా

షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులకు 2016 నవంబరు 2 రాత్రి జరిగిన ఘోరం గురించి ఇంతవరకు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ రాత్రి వాళ్ల జట్టు గెలిచింది. ఏదో మామూలు ఆట గెలిస్తే సర్దుకుపోవచ్చు. 1908 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ పట్టం, గెలిచింది. ఊరంతా వీధుల్లో పడి గంతులేయడంతో, పోయింది ఎంతో లెక్క చూసుకునే తీరిక ఎవరికీ దొరకలేదు. ఆ సంబరం ఇప్పుడు చల్లారింది కాబట్టి ఎవరో ఒకరు పూనుకోక తప్పదు.

పోయింది ఏమిటో తెలియాలంటే ఆట చూడనక్కరలేదు. ఆటకు ముందు గంటసేపు కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ బ్లీచర్లలో, అంటే ఔట్‌ఫీల్డ్ వెనకాల వీపు ఆనించుకునే వీలు లేని బల్లల మీద, కూర్చుంటే చాలు. ఇక్కడ పగటి ఆటలు సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మొదలవుతాయి. తెలిసినవాళ్లు పన్నెండుకే చేరుకుంటారు. కింద ఆటగాళ్లు బంతులు కొట్టి చేతులు సవరించుకుంటూ ఉంటారు. అటువైపు ఎవరూ చూడరు. పక్కన కూర్చున్నవాడు ఎన్ని ఓటములకు హక్కుదారు అన్నదే అందరి ఆరా.

ఇక్కడి మర్యాదలు కఠినమైనవి. 2003 ఓటమిని కళ్లారా చూసినవాడు ధారాళంగా మాట్లాడవచ్చు. కానీ 1984 నాటివాడు గొంతు సవరించుకోగానే ఆపేయాలి. ఆ 1984 మనిషి 1969 మనిషి ముందు నోరెత్తకూడదు. మైదానంలో చూసిన ఓటమికి పూర్తి విలువ, టీవీలో చూసినదానికి సగం, నాన్న చెప్పగా విన్నదానికి పావు. గెలుపుల గురించి మాట్లాడేవాడిని పరదేశిగా భావించి క్షమిస్తారు.

ఆ బల్లల మీద ఒక పెద్దాయన స్కోర్‌కార్డు నింపుతుండగా చూశాను. ఒళ్లో మడత పెట్టిన అట్ట, చేతిలో వేలెడంత పెన్సిలు. బేస్‌బాల్‌లో బరిలో నిలబడే ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. బంతి విసిరే పిచర్ ఒకటి, మొదటి బేస్ దగ్గరివాడు మూడు, షార్ట్‌స్టాప్ ఆరు, ఇలా తొమ్మిది దాకా. కార్డు మీద పేర్ల పక్కన ఆ అంకెలు వేసుకుంటారు. ఆటగాళ్లను గుర్తుపెట్టుకోవడానికని మనబోటివాళ్లం అనుకుంటాం. ఆయన పద్ధతి వేరు. ఒక్కో అంకె వేసి, పెన్సిలు పక్కన పెట్టి, ఆ స్థానంలో పూర్వం జరిగిన విపత్తును తలచుకుని, తర్వాతి అంకెకు వెళ్తున్నాడు.

మూడు వేసి ఆగాడు. "1984," అన్నాడు. శాన్‌డియేగో మీద అయిదు ఆటల సిరీస్‌లో మొదటి రెండూ గెలిచి మిగిలిన మూడూ ఓడిన ఏడాది. చివరి ఆటలో మొదటి బేస్ దగ్గర లియాన్ డర్హమ్ కాళ్ల మధ్య నుంచి బంతి దొర్లిపోయింది. అంతకుముందు ఆయన గ్లవ్ మీద గేటరేడ్ అనే పానీయం ఒలికింది. ఒలికిన గ్లవ్వుతోనే ఆడడం మంచిదా, మార్చి ఉండాల్సిందా అన్న విషయం మీద వెనక వరసలో ఇద్దరికి పాత వైరం ఉన్నట్టుంది, వెంటనే అందుకున్నారు. తర్వాత ఎనిమిది. సెంటర్‌ఫీల్డ్. "1929." వరల్డ్ సిరీస్‌లో కబ్స్ ఎనిమిది పరుగుల ఆధిక్యంలో ఉండగా ఫిలడెల్ఫియా వాళ్లు ఒక్క ఇన్నింగ్స్‌లో పది పరుగులు చేశారు. హ్యాక్ విల్సన్ కళ్లలో ఎండ పడి బంతి కనిపించలేదు. ఈ పెద్దాయన అప్పటికి పుట్టనైనా లేదు. అయినా ఆ మాట చెబుతూ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అదే వరసలో షికాగో శివారు నేపర్‌విల్ నుంచి ఆఫీసు మిత్రులతో వచ్చిన మన తెలుగు కుర్రాడు ఒకడు ఉన్నాడు. క్రికెట్ తెలిసినవాడు కదా, పద్ధతిగా అడిగాడు: "ఈ రోజు పిచర్ ఎవరండీ?"

"అది ఆట మొదలయ్యాక ఎలాగూ తెలుస్తుంది నాయనా," అన్నాడు పెద్దాయన. "1964లో మేము ఎవరిని ఇచ్చి ఏ పిచర్ని తెచ్చుకున్నామో తెలుసా?"

కుర్రాడికి తెలియదు. వరసంతా కలిసి చెప్పింది. లూ బ్రాక్ అనే పాతికేళ్లయినా నిండని ఆటగాడిని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఇచ్చి, ఎర్నీ బ్రోగ్లియో అనే పిచర్ని తెచ్చుకున్నారు. బ్రోగ్లియో కబ్స్ తరఫున గెలిపించిన ఆటలు ఏడు. బ్రాక్ అవతల 3,000 హిట్ల మైలురాయి దాటి, మొత్తం 938 బేస్‌లు దొంగిలించి, అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పటంగా మారాడు. ఆ 938 అంకెను వరసలో ముగ్గురు ఒకేసారి పలికారు, వడ్డీతో సహా తమకే రావలసిన బాకీని చదివినట్టు.

అప్పుడు ఆ కుర్రాడు, పాపం ఓదారుద్దామనే, అనకూడని మాట అన్నాడు: "అయితేనేమండీ, 2016లో గెలిచారు కదా!"

ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన బీరు తాగాడు. ఒకావిడ ఫోను తీసింది. పెద్దాయన ఇంకా అయిదు, ఆరు, ఏడు అంకెలు వేయవలసి ఉంది. వేశాడు కానీ కథలు చెప్పలేదు.

నేను చెప్పదలచిన ఘోరం ఇదే. ఎంతటి కరుణ రసాన్నయినా ఆ ఒక్క వాక్యం ఇంకించేస్తోంది. గెలుపుకు ముందు అలాంటి వాక్యం ఈ భూమి మీద లేదు. అందువల్ల కథ ఎంత దూరమైనా సాగేది.

ఈ పిత్రార్జితాన్ని కూడబెట్టడానికి ఎన్ని తరాలు కష్టపడ్డాయో చూడండి. 1906లో కబ్స్ 116 ఆటలు గెలిచి, 36 మాత్రమే ఓడి, ఆ ఊపులో వరల్డ్ సిరీస్‌ను పక్క పేటలో ఉండే వైట్ సాక్స్‌కు సమర్పించుకున్నారు. ఆ తర్వాతి రెండేళ్లు పొరపాటున గెలిచారు. 1908 గెలుపులోనూ స్వయంకృషి పాలు తక్కువ. న్యూయార్క్ జయింట్స్ కుర్రాడు ఫ్రెడ్ మెర్కిల్ రెండో బేస్‌ను తాకకుండానే ఆట అయిపోయిందనుకుని వెళ్లిపోయాడు. ఆ ఆట డ్రా అయి, మళ్లీ ఆడితే కబ్స్ ముందుకు వెళ్లారు. ఇలా పరుల తప్పుతో వచ్చిన సొమ్ము నిలవదని గ్రహించి, ఆ పైన 108 ఏళ్లు పాపపరిహారం చేసుకున్నారు.

మేక సంగతి మీరు వినే ఉంటారు. 1945 వరల్డ్ సిరీస్ నాలుగో ఆటకు విలియం సియానిస్ అనే బార్ యజమాని తన మేకను వెంటబెట్టుకొచ్చాడు. దానికీ టికెట్టు కొన్నాడు. కంపు కొడుతోందని మేకను బయటకు పంపారు. ఆయన శపించాడు, కబ్స్ ఓడారు, 71 ఏళ్లు మళ్లీ ఆ సిరీస్ ముఖం చూడలేదు. శాపం ఉందా లేదా అన్నది నాకు అనవసరం. చెల్లుబాటయ్యే టికెట్టు ఉన్న ప్రేక్షకుణ్ణి వాసన కారణంగా వెళ్లగొట్టవచ్చా అన్నది న్యాయశాస్త్రంలో ఇంకా తేలని ప్రశ్న. ఆ నియమాన్ని ఆగస్టు ఎండలో బ్లీచర్లకు వర్తింపజేస్తే ఎంతమంది మిగులుతారో ఎవరైనా ఆలోచించారా?

శాపాన్ని నమ్ముకుని చేతులు ముడుచుకు కూర్చున్నారని కూడా అనలేం. 1961లో యజమాని ఫిలిప్ రిగ్లీ, చూయింగ్‌గమ్ సంపన్నుడు, జట్టుకు మేనేజరే వద్దని నిర్ణయించాడు. కోచ్‌లను ఒక బృందంగా నియమించి వంతులవారీగా ఒక్కొక్కరి చేత జట్టును నడిపించాడు. మరుసటి ఏడాదికి 103 ఓటములు సిద్ధించాయి. ప్రభుత్వాల్లో కమిటీలు వేసే పెద్దలు ఈ ప్రయోగాన్ని పాఠ్యాంశంగా పెట్టుకోదగును. ఎర్నీ బ్యాంక్స్ అనే మహానుభావుడు ఇదే జట్టుకు 2,528 ఆటలు ఆడి, 512 హోమ్ రన్లు కొట్టి, సీజన్ చివర పట్టం కోసం జరిగే పోస్ట్‌సీజన్‌లో ఒక్క ఆటా ఆడకుండా రిటైరయ్యాడు. 1969లో న్యూయార్క్ మెట్స్ మీద ఉన్న భారీ ఆధిక్యం కరిగిపోతుండగా, వాళ్ల మైదానంలో ఒక నల్లపిల్లి కబ్స్ బెంచీ ముందు నుంచి నడిచింది. అంతటితో ఆ ఏడాది సరి.

2003 మాత్రం కొంచెం ఆగి చెప్పాల్సినది, ఎందుకంటే ఆస్తి ఉన్నచోట దాయాదుల గొడవ ఉంటుంది. ఇంకొక్క అయిదు ఔట్లు వస్తే వరల్డ్ సిరీస్. స్కోరు 3-0. గోడ పక్కకు వచ్చిన ఫౌల్ బంతి కోసం చాలా చేతులు లేచాయి, ఒక అభిమాని చేతికి తగిలింది. అదే ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ అలెక్స్ గొన్సాలెస్ చేతిలో పడాల్సిన బంతిని జారవిడిచాడు, పిచర్లు వరసగా దెబ్బలు తిన్నారు, ఫ్లోరిడా ఎనిమిది పరుగులు చేసింది. ఎనిమిది పరుగులనూ ప్రేక్షకుల్లో కూర్చున్న ఆ ఒక్కడి ఖాతాలో రాశారు. కాపలాదారులు అతన్ని చుట్టుముట్టి బయటకు తీసుకెళ్లాల్సి వచ్చింది, ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ బంతిని వేలంలో లక్ష డాలర్లకు పైగా పోసి కొని, 2004 ఫిబ్రవరిలో జనం చూస్తుండగా పేల్చేశారు. తప్పు చేసిన బంతికి మరణశిక్ష వేసిన నాగరికత ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. ఆటకు ముందు కబుర్లలో ఆ అభిమాని పేరు వినబడినన్ని సార్లు గొన్సాలెస్ పేరు వినబడదు. జీతం తీసుకుని బంతి వదిలినవాడికంటే టికెట్టు కొనుక్కుని ముట్టుకున్నవాడు దోషి అయ్యాడు. 2017లో జట్టు యాజమాన్యం అతన్ని పిలిచి విజేతల ఉంగరం ఇచ్చింది. గెలిచినవాళ్లు కాబట్టి ఇవ్వగలిగారు. ఓడి ఉంటే ఇంకా వెతుకుతూనే ఉండేవారు.

ఇంత ఆస్తిని ఒక్క రాత్రిలో తగలేశారు. సిరీస్‌లో క్లీవ్‌లాండ్ 3-1 ముందంజలో ఉన్నప్పుడు వారసత్వం భద్రంగానే ఉంది. ఏడో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాజై డేవిస్ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేసినప్పుడు ప్రతి కబ్స్ ఇంట్లోనూ పరిచితమైన బాధ, నిజం చెప్పాలంటే ఒకరకమైన నిశ్చింత, నెలకొంది. తర్వాత 17 నిమిషాలు వాన పడింది. ఆ వానలో ఏదో జరిగింది. పదో ఇన్నింగ్స్‌లో 8-7తో కబ్స్ గెలిచారు. ఆ రోజుల్లో జనం రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు. గెలుపు చూడకుండా పోయిన నాన్నలవి, అమ్మమ్మలవి. గోడ చాలక నేల మీద కూడా రాశారు. ఆస్తి కూడబెట్టిన వాళ్ల జాబితా అది. దాన్ని భద్రపరచాల్సిన పత్రంగా ఎవరూ గుర్తించలేదు, కడిగేశారు.

ఇప్పటి పరిస్థితి చెప్పుకుంటే సిగ్గుచేటు. పదేళ్ల పిల్లలు జట్టు గెలవకపోతే ఆశ్చర్యపోతున్నారు. తాతలు తలదించుకోవాల్సిన ఆశ్చర్యం అది. 2021 జులై నెలాఖరులో రిజ్జో, బ్రయంట్, బాయెస్, అంటే ఆ గెలుపు తెచ్చిపెట్టిన కుర్రాళ్లనే, రెండు రోజుల వ్యవధిలో మూడు జట్లకు పంపేశారు. పూర్వమైతే ఇలాంటి పని 40 ఏళ్ల సంభాషణకు సరిపోయేది. ఇప్పుడు రెండు వాక్యాల్లో అయిపోతోంది, మూడో వాక్యం "2016లో గెలిచాం కదా".

గోరుచుట్టు మీద రోకటిపోటులా 2023లో పిచ్ క్లాక్ తెచ్చారు. బేస్‌లు ఖాళీగా ఉంటే పిచర్ 15 సెకన్లలో బంతి వేసేయాలి. దీనివల్ల సగటు ఆట మూడు గంటల నాలుగు నిమిషాల నుంచి రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. ప్రజలు మెచ్చుకున్నారు. బేస్‌బాల్‌లో పిచర్ టోపీ సర్దుకుంటూ, మట్టి తన్నుకుంటూ గడిపే ఆ ఖాళీ సమయం ఎందుకుందో మరిచారు. 1969 చెప్పడానికి కనీసం ఒక మనిషి మూడు సార్లు టోపీ సర్దుకోవాలి. 15 సెకన్లలో పిల్లి నడిచిందని చెప్పవచ్చు, ఎటు నుంచి ఎటు నడిచిందో చెప్పలేం. కనుక ఆటకు ముందు గంటే మిగిలింది. దాన్ని కూడా పెద్ద తెరలు, పాటలు, ప్రకటనలు ఆక్రమిస్తున్నాయి.

పోగొట్టుకున్న దుఃఖం ఎక్కడికి పోయిందంటే క్లీవ్‌లాండ్‌కు పోయింది. 1948 తర్వాత వాళ్లు గెలవలేదు. బేస్‌బాల్‌లో అందరికంటే పాత కరువు ఇప్పుడు వాళ్లదే. అడిగి తెచ్చుకుందామంటే ఇవ్వరు. ఇక చేయగలిగినవి కొన్నే ఉన్నాయి. ఆటకు ముందు గంటలో 2016 ప్రస్తావనను నిషేధించాలి. ఉల్లంఘించినవారికి బ్రోగ్లియో పూర్తి గణాంకాలు కంఠస్థం చేసే శిక్ష విధించాలి. మేకలకు ఏటా ఒక ఆటకు ఉచిత ప్రవేశం కల్పించి, అయిదో ఇన్నింగ్స్‌లో అవమానించి పంపేయాలి.

ఇవేవీ కుదరకపోతే ఊళ్లోనే నాణ్యమైన సరుకు దొరుకుతోంది. వైట్ సాక్స్ 2024లో 121 ఆటలు ఓడారు. ఆధునిక బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో అన్ని ఓటములు ఇంకెవరికీ లేవు. వాళ్లకు మేకతో పని పడలేదు. 1919లోనే వరల్డ్ సిరీస్ అమ్ముకున్నారని ఎనిమిది మంది ఆటగాళ్లను వెలివేశారు. 88 ఏళ్ల నిరీక్షణ తర్వాత 2005లో గెలిస్తే ఊళ్లో సగం మందికి ఆ సంగతి గుర్తు లేదు. అంత సులువుగా మరిచిపోగల గెలుపు ఎంత అదృష్టం! 2025లో ఎన్నికైన పోప్ షికాగో మనిషని తెలియగానే, ఆయన మావాడేనని రిగ్లీ ఫీల్డ్ ముందు బోర్డు వెలిగించారు. కాదు, వైట్ సాక్స్ అభిమాని అని ఆయన అన్నగారే తేల్చి చెప్పారు. బాధ పడటంలో అనుభవమున్న సంస్థకు అధిపతి కాబోయే మనిషి సరైన చోటే శిక్షణ పొందాడు.

రిగ్లీ ఫీల్డ్ దగ్గర అడిసన్ స్టేషన్లో రెడ్ లైన్ రైలెక్కి దక్షిణంగా వెళ్తే, అదే రైలు ముప్పై అయిదో వీధిలో వైట్ సాక్స్ మైదానం దగ్గర దింపుతుంది. మారాల్సిన పని లేదు, వేరే టికెట్టు అక్కరలేదు. ఈ పరిష్కారాన్ని నేను బ్లీచర్లలో పెద్దాయన ముందు సవినయంగా ఉంచాను. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, అంతకంటే ఇంకోసారి గెలవడమే నయమన్నాడు.