పెయిర్ వర్క్, గ్రూప్ డిస్కషన్ టైమ్ వేస్ట్ అంటున్నవాళ్ళకి

ఒక మెసేజ్ తెగ షేర్ అవుతోంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి బీటెక్‌లో పెయిర్ వర్క్, రోల్ ప్లే, గ్రూప్ డిస్కషన్ అన్నీ టైమ్ వేస్ట్ అట, ముందు గ్రామర్ మొత్తం చెప్పాలట, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే తప్పులే అంటుకుంటాయట, అయినా 60 మంది క్లాసులో అది కుదరదట, ల్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే చాలట. ఇంగ్లీష్ క్లాసులు చెప్పే మనిషిగా ఇది చూసి ఊరుకోలేకపోతున్నా.

గ్రామర్ సంగతే చూద్దాం. ఈ పిల్లలు హైస్కూల్ నుంచి టెన్సెస్, వాయిస్ చేస్తూనే వచ్చారు, ఖాళీలు పూరించమంటే టకటకా పూరిస్తారు, అదే పిల్లాడిని లేపి నీ ప్రాజెక్ట్ గురించి చెప్పమంటే గొంతు పెగలదు. రూల్ తెలియక కాదు, మాట మధ్యలో దాన్ని వాడే అలవాటు లేక. ఇంకో వంద ఖాళీలు నింపితే ఆ అలవాటు వస్తుందా? గ్రామర్ మానేయమని కాదు, పిల్లలు మాట్లాడుతుంటే టీచర్ తిరుగుతూ తప్పులు రాసుకుని చివర్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టి సరిచేయించాలి, అప్పుడు బాగా ఎక్కుతుంది.

వింటే చాలన్నది అసలు నిలబడదు. కెనడాలో ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడుతూ, బడిలో ఏళ్ళ తరబడి ఫ్రెంచ్‌లో పాఠాలు విన్న పిల్లలకి అర్థం చేసుకోవడం బాగా వచ్చినా మాట్లాడటంలో, రాయడంలో తప్పులు పోలేదు, మెరిల్ స్వేన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో ఎత్తి చూపింది దాన్నే. మన జేఎన్టీయూ హైదరాబాద్ సిలబస్‌లోనూ కంప్యూటర్ ల్యాబ్ పక్కనే, ఒకరితో ఒకరు మాట్లాడటానికి ఇంటరాక్టివ్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ అని విడిగా పెట్టారు.

తప్పులు అంటుకుంటాయన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ లాంగ్, పోర్టర్ అనే ఇద్దరు పరిశోధకులు అదే 1985లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి, నేర్చుకునేవాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నా, ఇంగ్లీష్ మాతృభాషైన వాళ్ళతో మాట్లాడినా తప్పుల్లో పెద్ద తేడా లేదని రాశారు. పైగా ఎదుటివాడికి అర్థం కాక "ఏంటీ" అని అడిగినప్పుడే కదా మనం మాట మార్చి ఇంకోలా చెప్పేది!

60 మంది అంటారా, ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే 50 నిమిషాల పీరియడ్‌లో మనిషికి నిమిషం కూడా రాదు, అదే జతలుగా కూర్చోబెడితే పది నిమిషాల్లోనే ఒక్కొక్కరికి దాదాపు ఐదు నిమిషాలు దొరుకుతాయి. గోల ఉంటుంది, ఉండనివ్వండి.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, ఊరికే డిస్కస్ చేయండి అని వదిలేస్తే రెండో నిమిషానికే తెలుగులోకి వెళ్ళిపోతారు. అందుకే పని కచ్చితంగా ఉండాలి: సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రైళ్ళ టైమింగ్స్ సగం ఒకరి కాగితంలో, మిగతా సగం ఇంకొకరి కాగితంలో పెట్టండి, చూపించుకోకుండా అడిగి తెలుసుకుని సాయంత్రం ఆరులోపు చేరే రైలు తేల్చమనండి. మొదట రెండు నిమిషాలు తెలుగులో ఆలోచించుకోనివ్వండి, పర్లేదు, మాట్లాడేది మాత్రం ఇంగ్లీష్‌లోనే.